డబుల్ అంటే రెట్టింపేనా? ఇంగ్లిష్‌లో ఈ మాట అర్థం పట్టుకునే పద్ధతి

డబుల్ కాట్, డబుల్ ఆమ్లెట్, డబుల్ రోడ్డు, సైకిల్ మీద డబుల్స్... ఈ మాట మనలో ఎంతగా కలిసిపోయిందంటే, ఇంగ్లిష్ రాని అమ్మమ్మలు కూడా తడుముకోకుండా వాడేస్తారు. చిక్కంతా ఆ చనువుతోనే. తెలిసిన మాటే కదా అని డిక్షనరీ తీయం. ‘రెట్టింపు’ అని మనసులో అర్థం వేసేసుకుని ముందుకు పోతాం. చాలా చోట్ల అది సరిపోతుంది. సరిపోని చోట మాత్రం అద్దె డబ్బులు పోతాయి, మందు డోసు తప్పుతుంది, ఫోన్‌లో చెప్పిన ఈమెయిల్ ఎవరికో వెళ్తుంది.

విదేశాలకు వెళ్లే విద్యార్థులు, కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్లు, ఇంగ్లిష్ కాగితాలు చదివి ఇంట్లో పెద్దలకు చెప్పేవాళ్లు మొదట ఇలాంటి చిన్న మాటల మీదే పట్టు సాధించాలని నా అభిప్రాయం. పెద్ద మాటలకైతే ఎలాగూ అర్థం వెతుక్కుంటాం.

మొదటి అడుగు: ‘ఏది రెండు?’ అని అడగండి

లాటిన్‌లో ‘డుప్లుస్’ అనే మాట ఉండేది. అది పాత ఫ్రెంచి గుండా నడిచి ఇంగ్లిష్‌లో డబుల్ అయింది. దాని వెనకున్న ‘డుఓ’, మన ‘ద్వి’ ఒకే వేరు నుంచి పుట్టినవి. కాబట్టి రెండు అనే భావం ఎప్పుడూ ఉంటుంది. తేడా వచ్చేదల్లా ఆ రెండు దేనికి తగులుతుందన్న దగ్గరే.

పొద్దున్నే ఇంటికి వచ్చే పాల ప్యాకెట్ చూడండి. కొన్నిటి మీద ‘టోన్డ్’ అని, కొన్నిటి మీద ‘డబుల్ టోన్డ్’ అని ఉంటుంది. డబుల్ అంటే రెట్టింపు చిక్కదనం అనుకుని పెరుగు గట్టిగా తోడుకుంటుందని కొనేవాళ్లున్నారు. కానీ టోన్ చేయడం అంటేనే కొవ్వు తగ్గించడం. మన దేశ ప్రమాణాల ప్రకారం టోన్డ్ పాలలో కనీసం 3 శాతం కొవ్వు ఉండాలి, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం చాలు. ఇక్కడ డబుల్ వెళ్లి అతుక్కున్నది ‘టోన్డ్’కి. దాంతో కొవ్వు సగానికి వచ్చింది.

సూత్రం ఇందులోనే ఉంది. డబుల్ వెంటనే వచ్చే మాట ఏమిటో చూడండి, ఆ మాటకు ముందు అర్థం చెప్పుకోండి, తర్వాతే రెండు చేర్చండి. హైదరాబాదీ విందుల్లో పెట్టే డబుల్ కా మీఠా రెట్టింపు తీపి కాదు. అక్కడ బ్రెడ్‌ను డబుల్ రొట్టె అంటారు, ఆ బ్రెడ్‌తో చేసిన మిఠాయి అది. కొత్త మందులను పరీక్షించే ‘డబుల్ బ్లైండ్’ పద్ధతిలో ఏ మందు ఎవరికి ఇస్తున్నారో రోగికీ తెలియదు, ఇచ్చే వైద్యుడికీ తెలియదు. తెలియకపోవడం రెండు వైపులా ఉందన్నమాట.

రెండో అడుగు: వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడండి

డిక్షనరీ కంటే ఎక్కువ పనికొచ్చే అడుగు ఇదే. డబుల్‌కు ముందో వెనకో ఉండే బుల్లి మాట అర్థాన్ని మొత్తం తిప్పేస్తుంది.

‘డబుల్ రూమ్’ అంటే ఇద్దరు ఉండే ఒక గది. ‘డబుల్ ద రూమ్’ అంటే రెండింతల చోటు. మధ్యలో ‘ద’ రాగానే లెక్క మొదలైంది. ‘డబుల్ ద ప్రైస్’, ‘డబుల్ ద టైమ్’ అన్నీ ఇదే కోవ. డబుల్ తర్వాత ద, మై, హిజ్, దిస్ లాంటి మాట ఉంటే రెట్టింపు అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

వరుస మార్చండి. ‘డబుల్ హిజ్ శాలరీ’ అంటే అతని జీతానికి రెట్టింపు. ‘హిజ్ డబుల్’ అంటే అచ్చుగుద్దినట్టు అతని పోలికలున్న ఇంకో మనిషి. సినిమా వాళ్ల ‘బాడీ డబుల్’, ‘స్టంట్ డబుల్’ ఇక్కడివే. హీరో బదులు కెమెరాకు వీపు పెట్టి నిలబడేవాడు మొదటివాడు, హీరో బదులు మేడ మీంచి దూకేవాడు రెండోవాడు. మనం డబుల్ యాక్షన్ అనే ద్విపాత్రాభినయం దీనికి తలకిందులు: అక్కడ ఒక మనిషికి రెండు పాత్రలు, ఇక్కడ ఒక పాత్రకు ఇద్దరు మనుషులు. విదేశీయులతో మాట్లాడేటప్పుడు ద్విపాత్రాభినయాన్ని ‘డ్యూయల్ రోల్’ అంటే తేలిగ్గా అందుతుంది.

చివర ‘స్’ చేరి డబుల్స్ అయితే చాలా వరకు ఆటే. ట్రినిడాడ్‌లో మాత్రం టిఫిన్. బారా అనే రెండు మెత్తటి రొట్టెల మధ్య శనగల కూర పెట్టి ఇస్తారు. మన దేశం నుంచి కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన వాళ్ల సంతతి ఆ దీవికి ఇచ్చిన తిండి అది.

మూడో అడుగు: గది తీసుకునే ముందు

ఈ మాట వల్ల మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

తెలుగు నేల మీద ‘డబుల్ బెడ్‌రూమ్’ అంటే రెండు పడకగదుల ఇల్లు. తెలంగాణలో ప్రభుత్వ ఇళ్ల పథకానికే ఆ పేరు స్థిరపడింది. బ్రిటన్‌లో అదే మాటకు అర్థం వేరు. డబుల్ బెడ్ పట్టేంత పెద్దదైన ఒకే ఒక్క పడకగది అని. లండన్‌లోనో లెస్టర్‌లోనో ‘డబుల్ బెడ్‌రూమ్ ఇన్ ఎ షేర్డ్ హౌస్’ అని ప్రకటన కనబడితే, నలుగురు స్నేహితులు కలిసి రెండు గదులు వస్తాయని అడ్వాన్స్ పంపేయకండి. వచ్చేది ఒక గది. వంటిల్లు, బాత్‌రూమ్ మిగతా అద్దెదారులతో పంచుకోవాలి. మీకు రెండు పడకగదులు కావాలంటే ‘టూ బెడ్ ఫ్లాట్’ అని వెతకండి. ‘టూ డబుల్ బెడ్‌రూమ్స్’ అని ఉంటే ఇంకా మంచిది: గదులు రెండు, రెండూ పెద్దవే.

ఆ ‘పెద్ద’ అంటే ఎంత? ఇంగ్లండ్‌లో 2015లో తెచ్చిన ఇళ్ల కొలతల ప్రమాణం ప్రకారం ఒక్కరి పడకగది కనీసం 7.5 చదరపు మీటర్లు, ఇద్దరిది 11.5 చదరపు మీటర్లు ఉండాలి. మన లెక్కలో దాదాపు 81, 124 చదరపు అడుగులు. ఇది కొత్తగా కట్టే ఇళ్లకు పెట్టుకున్న ప్రమాణం. విద్యార్థులకు దొరికేవి ఎక్కువగా పాత ఇళ్లు కాబట్టి, డబుల్ అని రాసినా సరే కొలతలు అడగండి. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని ప్రకటనల కింద ‘సింగిల్ ఆక్యుపెన్సీ ఓన్లీ’ అని చిన్నగా రాసి ఉంటుంది. గది ఇద్దరికి సరిపోయేంత పెద్దదే, ఉండనిచ్చేది మాత్రం ఒక్కరినే. స్నేహితుడితో అద్దె సగం సగం పంచుకుందామన్న లెక్క అక్కడ చెల్లదు.

హోటళ్ల సంగతికి వస్తే, డబుల్ అంటే ఇద్దరికి ఒక పెద్ద మంచం. ట్విన్ అంటే ఒకే గదిలో రెండు విడి మంచాలు. అత్తగారితోనో ఆఫీసు సహోద్యోగితోనో వెళ్తున్నప్పుడు బుక్ చేయాల్సింది ట్విన్. అమెరికాలో ‘టూ డబుల్స్’ లేదా ‘డబుల్ డబుల్’ అని రాస్తే గదిలో రెండు డబుల్ మంచాలున్నాయని. నలుగురి కుటుంబం సర్దుకోవచ్చు. కానీ అక్కడి డబుల్ మంచం వెడల్పు 54 అంగుళాలే. క్వీన్ 60, కింగ్ 76. అంటే వరసలో డబుల్ కింద మెట్టు. ఇద్దరు పెద్దవాళ్లు పడుకుంటే మనిషికి 27 అంగుళాలు వస్తుంది, అటూ ఇటూ దొర్లే అలవాటుంటే కష్టం.

టూర్ ప్యాకేజీల్లో ‘పర్ పర్సన్, డబుల్ ఆక్యుపెన్సీ’ అని రేటు వేస్తారు. 40,000 రూపాయలని ఉందనుకోండి. ఇద్దరికీ కలిపి కాదు, ఒక్కొక్కరికి 40,000. ఇద్దరు ఒక గదిలో ఉంటేనే ఆ రేటు. ఒక్కరే వెళ్తే ‘సింగిల్ సప్లిమెంట్’ పేరుతో పైన ఇంకొంత కట్టించుకుంటారు. ఆ అంకె ఎంతో బుకింగ్‌కు ముందే మెయిల్‌లో రాయించుకోండి.

నాలుగో అడుగు: డబ్బు దగ్గర లెక్క వేసి చూడండి

‘డబుల్డ్’ అంటే 100 శాతం పెరిగిందని. ‘200 శాతం పెరిగింది’ అంటే మూడింతలైందని. వార్తలు అనువదించేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. అనుమానం వస్తే 50 రూపాయలతో లెక్క వేసి చూడండి: డబుల్ అయితే 100, 200 శాతం పెరిగితే 150.

డబ్బు ఎన్నేళ్లకు డబుల్ అవుతుందో నోటి లెక్కగా తెలుసుకోవాలంటే 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగించండి. 2023 ఏప్రిల్‌లో కిసాన్ వికాస్ పత్ర వడ్డీని 7.5 శాతం చేసినప్పుడు, డబ్బు రెట్టింపయ్యే గడువును 115 నెలలుగా ప్రకటించారు. 72ను 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, అంటే 115 నెలలు. ఏడాదిలో డబుల్ చేస్తామని ఎవరైనా అంటే అది 100 శాతం వడ్డీ అని గుర్తు తెచ్చుకుని, ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేయండి.

‘డబుల్ ఎంట్రీ’లో రెట్టింపు అనే భావమే లేదు. ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాస్తారు, ఒకచోట డెబిట్, ఇంకోచోట క్రెడిట్. 5,000 రూపాయలు నగదిచ్చి బల్ల కొంటే ఫర్నిచర్ ఖాతాలో 5,000 పెరుగుతుంది, నగదు ఖాతాలో 5,000 తగ్గుతుంది. మన కామర్స్ పుస్తకాల్లో దీన్ని జంటపద్దు విధానం అంటారు. ఇటలీ వర్తకులు అప్పటికే వాడుతున్న ఈ పద్ధతిని లూకా పచోలీ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. అకౌంటెంట్ ‘డబుల్ ఎంట్రీ చేశాను’ అంటే పని సరిగ్గా చేశాడని. డేటా ఎంట్రీ ఆఫీసులో అదే మాటంటే ఒకే వివరం పొరపాటున రెండుసార్లు ఎక్కిందని కూడా కావచ్చు. ఎవరు అంటున్నారో చూసుకోవాలి.

‘డబుల్ టాక్సేషన్’ అంటే పన్ను రేటు రెట్టింపు కావడం కాదు, ఒకే ఆదాయం మీద రెండు దేశాలూ పన్ను అడగడం. అమెరికాలో ఉంటూ ఇక్కడి ఇంటి అద్దె తీసుకునేవాళ్లకు ఎదురయ్యేది ఇదే. దాన్ని తప్పించడానికి భారత్, అమెరికాల మధ్య 1989లో ఒప్పందం కుదిరింది. ఒక దేశంలో కట్టిన పన్నును రెండో దేశంలో చూపించి మినహాయింపు పొందే వీలుంది. దానికోసం కట్టిన రసీదులు దాచుకోవాలి.

‘డబుల్ టైమ్’ అని జీతం కాగితంలో ఉంటే ఆ గంటలకు రెట్టింపు వేతనం. మన దేశంలో 2025 దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఓవర్‌టైమ్‌కు ఇవ్వమన్నది ఆ లెక్కనే. అదే మాట అమెరికా సైన్యంలో వినబడితే పరుగు: నిమిషానికి 180 అంగల లెక్కన కదం తొక్కాలి. బ్రిటిష్ వాళ్లు ‘ఎట్ ద డబుల్’ అన్నా ‘త్వరగా, పరుగున’ అనే.

అయిదో అడుగు: మందుల దగ్గర ఊహించకండి

మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం మీద తరచుగా ఒక వాక్యం ఉంటుంది: మరిచిపోయిన డోసు కోసం ‘డబుల్ డోస్’ వేసుకోవద్దు. పొద్దుటి మాత్ర మర్చిపోయి రాత్రి రెండూ కలిపి మింగే అలవాటు మన ఇళ్లలో ఉంది. బీపీ, షుగర్ మందులతో అది ప్రమాదం. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ వాక్యాన్ని తెలుగులో రాసి మందుల డబ్బాకు అంటించండి.

కొన్ని మాత్రల పేరు చివర ‘డీఎస్’ అని ఉంటుంది, ‘డబుల్ స్ట్రెంత్’ అని అర్థం. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మామూలు మాత్రలో 80, 400 మిల్లీగ్రాముల చొప్పున రెండు మందులుంటాయి. డీఎస్‌లో 160, 800. డాక్టర్ ఒకటి రాస్తే షాపులో ఇంకొకటి ఇచ్చినా రంగు, పేరు దగ్గరగా ఉండటం వల్ల గమనించం. చీటీని, స్ట్రిప్‌ని పక్కపక్కన పెట్టి చూడాలి.

గర్భిణులకు 11 నుంచి 14 వారాల మధ్య రాసే ‘డబుల్ మార్కర్’ పరీక్ష పేరు వినగానే కవలలేమో, ఏదో తేడా వచ్చి మళ్లీ చేస్తున్నారేమో అని చాలామంది టెన్షన్ పడతారు. రక్తంలో రెండు పదార్థాలను కొలుస్తారు కాబట్టి ఆ పేరు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే పరీక్ష అది. ఫలితం అనుమానంగా వచ్చినంత మాత్రాన జబ్బు ఉందని తేలినట్టు కాదు, తర్వాతి పరీక్షలు డాక్టర్ చెబుతారు.

‘డబుల్ న్యుమోనియా’ అంటే రెండు ఊపిరితిత్తులకూ సోకిందని. ‘డబుల్ విజన్’ అంటే ఒకటే రెండుగా కనబడటం. ఉన్నట్టుండి అలా కనబడితే కళ్లద్దాల షాపుకు కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరో అడుగు: ఆట ఏదో తెలిస్తే సగం తెలిసినట్టే

టెన్నిస్, బ్యాడ్మింటన్ డబుల్స్‌లో అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. మైదానం మాత్రం రెట్టింపు కాదు. టెన్నిస్ కోర్టు వెడల్పు సింగిల్స్‌కు 27 అడుగులు, డబుల్స్‌కు 36. బ్యాడ్మింటన్‌లో 17 కాస్తా 20 అవుతుంది. ఆ కొద్దిపాటి చోటులో భాగస్వామికి అడ్డురాకుండా కదలడమే అసలు విద్య. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి ఆడుతుంటే చూడండి, ఒకరు ముందుకు ఉరికితే రెండోవారు చెప్పకుండానే వెనక్కి సర్దుకుంటారు. మన సానియా మీర్జా 2015లో డబుల్స్ ర్యాంకింగ్‌లో ప్రపంచ నంబర్ వన్ అయి, అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది.

‘డబుల్ ఫాల్ట్’ అంటే వరసగా రెండు సర్వీసులు తప్పి పాయింట్ పోగొట్టుకోవడం. క్రికెట్‌లో డబుల్ సెంచరీ సంగతి చెప్పక్కర్లేదు, 2023 జనవరిలో ఉప్పల్‌లో శుభ్‌మన్ గిల్ కొట్టిన 208 ఇంకా చాలామంది కళ్లముందే ఉంది. ఫుట్‌బాల్ వార్తల్లో ‘ద డబుల్’ అంటే రెండు గోల్స్ అనుకోకండి. ఒకే సీజన్‌లో లీగ్, కప్ రెండూ గెలవడం అది. ఇంగ్లండ్‌లో 1888–89లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ మొదట సాధించింది. రెండు గోల్స్‌కు ‘బ్రేస్’ అనే వేరే మాట ఉంది. అమెరికాలో బేస్‌బాల్ చూస్తుంటే, ఒక్క దెబ్బకు రెండో బేస్ దాకా చేరడం డబుల్. ఒకే రోజు అవే జట్లు రెండు మ్యాచ్‌లు ఆడితే డబుల్‌హెడర్.

ఏడో అడుగు: క్రియగా వస్తే పక్కమాటతో కలిపి నేర్చుకోండి

వీటిని విడగొడితే అర్థం దొరకదు. ‘డబుల్ అప్’ అంటే నవ్వుతోనో కడుపునొప్పితోనో వంగిపోవడం, లేదా ఒక గదిలో ఇద్దరు సర్దుకోవడం. ‘డబుల్ బ్యాక్’ అంటే వెళ్లిన దారినే వెనక్కి తిరగడం. ‘సోఫా డబుల్స్ యాజ్ ఎ బెడ్’ అంటే కూర్చోవడానికీ పడుకోవడానికీ అదే. ‘డబుల్ పార్క్’ అంటే ఆగి ఉన్న బండి పక్కనే రోడ్డు మీద ఇంకో బండి ఆపి దారి మూసేయడం. ‘డబుల్ బుక్’ అంటే ఒకే సీటునో గదినో ఇద్దరికి ఇచ్చేయడం. రైల్వే ‘డబ్లింగ్’ అంటే ఉన్న పట్టా పక్కన రెండోది వేయడం.

‘డబుల్ డౌన్’ని రాజకీయ వార్తల్లో ఎక్కువగా తప్పు అనువదిస్తున్నారు. బ్లాక్‌జాక్ అనే పేకాటలో పందెం రెట్టింపు చేసి, ఇంకొక్క ముక్క మాత్రమే తీసుకోవడాన్ని అలా అంటారు. దాన్నుంచి, విమర్శ వచ్చినా తగ్గకుండా అన్న మాట మీదే ఇంకా గట్టిగా నిలబడటం అనే అర్థం పుట్టింది. ‘డౌన్’ చూసి వెనక్కి తగ్గారని రాస్తే వార్త తలకిందులవుతుంది.

మాటకో నడవడికకో డబుల్ తగిలితే మాత్రం సాధారణంగా నిందే. డబుల్ టాక్, డబుల్ డీలింగ్, డబుల్ క్రాస్, డబుల్ స్టాండర్డ్స్. మన రెండు నాల్కల ధోరణి, నమ్మకద్రోహం, ద్వంద్వ నీతి వీటికి చక్కగా సరిపోతాయి. ‘డబుల్ చెక్’ మాత్రం నింద కాదు, మరోసారి సరిచూడటం. బాస్ మిమ్మల్ని డబుల్ చెక్ చేయమంటే మీ మీద నమ్మకం లేదని కాదు.

ఎనిమిదో అడుగు: మీరు పలికేటప్పుడు

ఫోన్ నంబర్‌ను ‘డబుల్ నైన్, ఫోర్, డబుల్ వన్’ అని చెప్పడం మనకు బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన అలవాటు. ఇండియాలోనూ బ్రిటన్‌లోనూ అది సాఫీగా నడుస్తుంది. అమెరికన్లు ఎక్కువగా ఒక్కో అంకెనూ విడిగా చెప్పుకుంటారు. వాళ్లకు ‘నైన్, నైన్, ఫోర్, వన్, వన్’ అనండి. మెషీన్‌కు చెప్పేటప్పుడూ అంతే. ఒక్క క్షణం ఎక్కువ పట్టినా, మళ్లీ మళ్లీ చెప్పే బాధ తప్పుతుంది.

పేర్లకూ ఇదే వర్తిస్తుంది. రెడ్డి అనే ఇంటిపేరును ‘ఆర్, ఈ, డబుల్ డీ, వై’ అంటే మనవాళ్లు రాసుకుంటారు. తెలియని చెవికి ‘డబుల్ డీ’ ఒక్క డీ గానో, డబ్ల్యూ, డీ గానో వినబడవచ్చు. ‘డీ యాజ్ ఇన్ ఢిల్లీ, డీ ఎగైన్’ అంటే అనుమానం ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన అక్షరం డబ్ల్యూ. పాత ఇంగ్లిష్‌లో రెండు ‘యూ’లను పక్కపక్కన రాసి ఆ ధ్వనిని చూపేవారు, అందుకే దాని పేరు ‘డబుల్ యూ’. ఈమెయిల్‌లో నిజంగానే రెండు ‘యూ’లు వరసగా ఉంటే, ‘డబుల్ యూ’ అని చెప్పగానే అవతలివాళ్లు డబ్ల్యూ కొట్టేస్తారు. అలాంటప్పుడు ‘యూ ఫర్ అంబ్రెల్లా, యూ ఫర్ అంబ్రెల్లా’ అని రెండుసార్లు చెప్పి, వాళ్ల చేత ఒకసారి చదివించుకుని ఫోన్ పెట్టేయండి.